అంతఃపుర రహస్యమూ, అజ్ఞాత వనితలూ: చారిత్రక నవల వదిలిపెట్టిన కథ

మన చారిత్రక నవలల్లో ఒక స్త్రీ వున్నది. ఆమెను పాఠకులందరూ ఎరుగుదురు. పగలు అంతఃపురంలో వీణ వాయిస్తుంది. రాత్రి మగవేషం వేసి గుర్రమెక్కుతుంది. ఆమెకు ప్రాణమిచ్చే చెలికత్తెలు నలుగురైదుగురు వుంటారు. వారికొక సంకేతపదం, ఒక ముద్రటుంగరం, శిథిలాలయంలో ఒక సమావేశస్థలం, కోటగోడ కిందుగా ఒక సొరంగం వుంటాయి. దుర్మార్గుడైన మంత్రి కుట్రలన్నీ ఈ వనితల రహస్య సంఘం ముందు పటాపంచలవుతవి. ఆఖరు ప్రకరణంలో సింహాసనం అసలు వారసునికి దక్కుతుంది. నాయిక కత్తి దించి పెండ్లిపీటల మీద కూర్చుంటుంది. చెలికత్తెలు మంగళహారతి పాడతారు.

ఈ కథను చూచి నవ్వి ఊరుకోవడం తేలిక. విమర్శకుడు అట్లా చేయరాదని నా అభిప్రాయం. లక్షలాది పాఠకులు, అందులో సగానికిపైగా స్త్రీలు, ఈ కథనే మళ్ళీ మళ్ళీ ఎందుకు కోరినారు? నిత్యజీవితంలో గడప దాటడానికి నలుగురి అనుమతి కావలసిన స్త్రీకి, గుర్రమెక్కి కోట దాటే స్త్రీ కథ అమృతప్రాయంగా తోచడంలో వింత లేదు. ఆ కోరిక న్యాయమైనది. ఆ కోరికను నవలాకారుడు ఏ దారిని నడిపించినాడన్నదే తేలవలసిన విషయం. ఆ రహస్యం ఎవరి రహస్యం? ఆ సాహసం ఎవరి కొరకు? అందులో ప్రాణాలు పోగొట్టుకున్నవారెవరు, లాభపడినవారెవరు?

ఈ ప్రశ్నలను గాలిలో వేసుకోవడం కన్న, మన సీమలోనే జరిగిన ఒక ఉదంతం మీద పెట్టి చూస్తే మేలు. చారిత్రక నవలకు కావలసిన దినుసులన్నీ అందులో వున్నవి. అంతఃపురంలో ఆడవారి మధ్య రహస్యం, మారుబిడ్డ, సొరంగం, మూటలో దాటిన రాజకుమారుడు, చివర మహాయుద్ధం — ఏదీ కల్పించవలసిన పని లేదు.

1

సత్యవేడు ప్రాంతాన్ని చరిత్రలో సరిహద్దు ప్రాంతమనే చెప్పాలి. చెంగల్పట్టు జిల్లాలో వుండిన ఈ ప్రాంతం, పటాస్కర్ సిఫారసుల మీద చేసిన శాసనం ప్రకారం 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లాకు వచ్చింది. దానికి బదులుగా తిరుత్తణి అటు పోయింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సత్యవేడు తిరుపతి జిల్లాలో చేరింది. పాలకులు గీతలు ఎన్నిసార్లు చెరిపి గీసినా, ఇక్కడి రైతు ఇంట ఒక భాషా, సంతలో ఒక భాషా మాట్లాడడం మానలేదు.

పడమట నాగలాపురం వున్నది. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాదేవి పేర ఆ ఊరికి నామకరణం చేసి, వేదనారాయణస్వామి ఆలయాన్ని పోషించినాడు. ఇంకా పడమటికి పోతే చంద్రగిరి కోట. తూర్పున ప్రళయకావేరి. పులికాట్ అని తెల్లవారు పిలిచిన ఆ రేవులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. ఆ రేవు మీద అధికారం చెలాయించి, వారికి అనుమతి ఇచ్చినది వెంకటపతిరాయల రాణి అని చెబుతారు. అంటే ఒక చెంత రాయల చివరి రాజధానులు, మరొక చెంత సముద్రవ్యాపారపు కొత్త శక్తులు. ఈ రెండింటి నడుమ పన్నులు కట్టినవారు ఇక్కడి మెట్టరైతులూ, చెరువు కింది కాపులూ, మగ్గాలవారూ.

నాగలాదేవి సంగతి ఒక్కమాట చెప్పుకోవాలి. ఆమె తుళువ నరసనాయకుని భార్య, రాయల తల్లి. ఊరికి పేరయింది. కాని ఆమె ఏమి తలచింది, ఏమి మాట్లాడింది, దేనికి ఏడ్చింది అన్నది ఏ శాసనమూ చెప్పదు. భూస్వామ్య చరిత్రలో స్త్రీకి దక్కే గౌరవం ఈ రకమైనది. ఒకరి తల్లిగా, ఒకరి భార్యగా రాతి మీదికి ఎక్కుతుంది. తనంతట తానుగా ఎక్కదు.

2

రెండవ వెంకటపతిరాయలు 1586 నుండి 1614 వరకు ఏలినాడు. రాక్షసితంగడి యుద్ధం తరువాత చీలికలైన రాజ్యాన్ని తిరిగి ఒక కట్టుకు తెచ్చిన సమర్థుడు. పెనుగొండ నుండి చంద్రగిరికీ, ఆ తరువాత వెల్లూరికీ గద్దె మార్చినాడు. అన్నీ వున్నవి గాని కొడుకు లేడు.

ఇక్కడి నుండి మనకు సాక్షి మాన్యుయల్ బర్రాడాస్ అనే జెస్యూట్ పాదిరీ. అతడు 1616 డిసెంబరులో వ్రాసిన ఉత్తరాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చయిన తన విజయనగర చరిత్రలో చేర్చినాడు. దాని సారాంశం ఇది.

వెంకటపతికి ప్రియమైన రాణి బాయమ్మ. గొబ్బూరివారి ఆడపడుచు, జగ్గరాయని తోబుట్టువు. ఆమెకు సంతానం లేదు. ఆమె పుట్టింటి పరివారంలో వున్న ఒక బ్రాహ్మణ స్త్రీ ఆమెకొక ఉపాయం చెప్పింది. తాను గర్భవతిననీ, రాణి కూడా తాను గర్భవతినైనట్లు చాటించవలెననీ, తనకు బిడ్డ పుట్టగానే నమ్మకస్తుల చేత రహస్యంగా నగరికి పంపుతాననీ, రాణి ఆ బిడ్డను తన కొడుకని ప్రకటించుకోవచ్చుననీ ఆ ఉపాయం. రాణి ఒప్పుకున్నది. నెలలు నటించింది. మగబిడ్డ పుట్టినాడు, బిడ్డ నగరికి చేరినాడు, రాణికి కొడుకు పుట్టినాడని నగారాలు మోగినవి. రాజుకు అంతా తెలుసుననీ, అయినా రాణి మీది ప్రేమ చేత తెలియనట్లే వుండి పండుగ చేయించినాడనీ పాదిరీ వ్రాసినాడు. పిల్లవానికి చిక్కరాయలని యువరాజు పేరు పెట్టినాడు. కాని ఆ పిల్లవాణ్ణి చంద్రగిరి నగరిలోనే కట్టడిలో వుంచినాడు. తన అనుమతి లేనిదే గడప దాటనివ్వలేదు.

ఇదే మన కథలోని రహస్య సంఘం. సభ్యులు ముగ్గురో నలుగురో ఆడవారు. ఒక రాణి, ఒక పరిచారిక, మంత్రసాని పని చేసినవారు, బిడ్డను బట్టల చాటున మోసుకువచ్చినవారు. నవలాకారుని చేతిలో పడితే ఇది మూడువందల పుటలవుతుంది. కాని మనం ఒక క్షణం ఆగి చూద్దాం.

రాణి ఈ పనికి ఎందుకు పూనుకున్నది? దుష్టురాలు గనుక అని ఒక నవలాకారుడంటాడు. మాతృత్వ కాంక్ష చేత అని మరొకడంటాడు. ఈ రెండు మాటల కన్నా ఆమె పరిస్థితే ఎక్కువ చెబుతుంది. ఆ వ్యవస్థలో రాణి గర్భం రాజ్యపు ఆస్తి. ఆమె పుట్టింటివారు ఆమెను ఇచ్చింది ఆ గర్భం కొరకే. జగ్గరాయనికి ఏటా 6 లక్షల క్రుసాదుల రాబడి, 20 వేల మంది సైన్యం వున్నవని బర్రాడాస్ లెక్క. అంతటి వంశం తన ఆడపడుచు కడుపు పండలేదన్నంత మాత్రాన చేతులు ముడుచుకుంటుందా? ఇక మగబిడ్డ లేని రాణికి మిగిలే భవిష్యత్తు ఏమిటి? 1614 అక్టోబరులో వెంకటపతి చనిపోయినప్పుడు తోటలో గంధపుచెక్కలతో చితి పేర్చినారు. ముగ్గురు రాణులు నగలు పంచిపెట్టి, అందరి వద్దా సెలవు తీసుకొని, ఎత్తైన చోటికెక్కి ఆ మంటలో దూకినారని అదే ఉత్తరం చెబుతున్నది. ఒకామెది రాజు వయస్సు. తక్కిన ఇద్దరివీ 35 ఏండ్లు. వారు గొప్ప ధైర్యం చూపినారని పాదిరీ మెచ్చుకున్నాడు. ఆ ధైర్యాన్ని వారి చేత చూపించిన వ్యవస్థ పేరు మాత్రం ఆయన ఎత్తలేదు.

కొడుకు కొరకు నెలల తరబడి కడుపు నటించడం కూడా సాహసమే. కాని అది బతకడం కొరకు చేసిన సాహసం.

రెండో మాట. ఈ మారుబిడ్డ కథను మనకు అందించినదెవరు? పాదిరీ ఈ ఉత్తరం వ్రాసేనాటికి దేశంలో అంతర్యుద్ధం సాగుతున్నది. ఒక పక్షం బాయమ్మ కొడుకుదీ, మరొక పక్షం రాయల అన్నకొడుకుదీ. ఆ బిడ్డ దొంగబిడ్డ అని ఋజువైతే రెండవ పక్షానికి సింహాసనం దక్కుతుంది. కనుక ఆ మాట ఆ పక్షానికి ఇరవై వేల సైన్యంతో సమానం. పాదిరీ ఆ మాటను తన కంటితో చూచి వ్రాయలేదు. నగరి చుట్టూ తిరుగుతున్న మాటను విన్నాడు, వ్రాసినాడు. రాచరికపు తగాదాల్లో ఒక స్త్రీ శీలం మీద, ఆమె గర్భం మీద వేసే నింద కత్తికన్న పదునైన ఆయుధం. దానికి ఖర్చు లేదు, అవతలివారికి జవాబు చెప్పుకునే వీలూ లేదు. బాయమ్మ తన పక్షం చెప్పుకున్న ఉత్తరం ఏ పాదిరీ సంచిలోనూ లేదు. చారిత్రక నవల వ్రాసేవాడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. అంతఃపురంలో కుట్ర జరిగినదా, అంతఃపురం మీద కుట్ర జరిగినదా?

3

చావుకు మూడు రోజుల ముందు వెంకటపతి సామంతులను పిలిపించి, రాజముద్రికను అన్నకొడుకు శ్రీరంగరాయల చేతికి ఇవ్వబోయినాడు. అతడు ఏడ్చి, కాళ్ళమీద పడి, వద్దన్నాడట. ముసలిరాజు వేలికొనన పట్టి మళ్ళీ చాచగా, సామంతులు చెప్పగా, కన్నీటితో తీసుకున్నాడట. ఆ ఉంగరం తెచ్చే కీడు అతనికి ముందే తోచినట్లున్నదని పాదిరీ అంటాడు.

తోచినట్లే జరిగింది. జగ్గరాయడూ అతని స్నేహితులూ తలవంచలేదు. కోట వాకిళ్ళు పట్టుకొని, రాజును, భార్యను, బిడ్డలను బంధించినారు. వెల్లూరు కోట ఈ ఘోరానికి రంగస్థలమని చరిత్రకారులు చెబుతారు. జగ్గరాయనికి ఎదురు నిలిచినవాడు వెలుగోటి యాచమనాయకుడు. చెరలో వున్న రాజకుటుంబాన్ని తప్పించడానికి సొరంగం తవ్వే ప్రయత్నం కూడా జరిగి, బయటపడి, విఫలమైంది. ఆ పిమ్మట జగ్గరాయని పక్షంవారు రాజునూ రాణినీ బిడ్డలనూ నిర్మూలించినారు.

ఒక్క బిడ్డ మాత్రం అప్పటికే బయటపడినాడు. రెండవ కొడుకు రామదేవుడు. అతణ్ణి బయటికి తెచ్చినది యాచమనాయకుని కత్తి కాదు, ఒక చాకలి. నగరి బట్టలు ఉతికే ఆ మనిషి, కాపలావాళ్ళ కళ్ళ ఎదుటనే, ఆ పిల్లవాణ్ణి మాసిన బట్టల మూటలో చుట్టి భుజాన వేసుకొని వాకిలి దాటినాడు.

రెండువందల డెబ్బైయేండ్ల విజయనగర రాచరికం ఆ నిముషంలో ఒక చాకలి భుజం మీద వున్నది. మూట కదిలినా, పిల్లవాడు దగ్గినా, ఆ మనిషి తల కోటగుమ్మానికి వేలాడేది. అతని ఇంటిల్లిపాదీ బతికేవారు కారు. ఆ సంగతి ఇంట్లో అతని భార్యకు తెలియకుండా వుంటుందా? మైలబట్టల మూట అనేది ఆమె చేతులమీదుగా పోయే వస్తువు. పాదిరీ సామంతులందరి పేర్లూ, రాబళ్ళూ, సైన్యాలూ వివరంగా వ్రాసినాడు. ఆ చాకలి పేరు వ్రాయలేదు. ఆనాటి ఏ కవీ వ్రాయలేదు. రామదేవుడు రాజైన తరువాత ఆ చాకలికి ఒక మాన్యం ఇచ్చినట్లు కూడా మనం చదవము.

తరువాతి కథ యుద్ధం. మధుర నాయకుడు జగ్గరాయని వైపు, తంజావూరు రఘునాథనాయకుడు యాచముని వైపు. తిరుచిరాపల్లి సమీపాన తోపూరు వద్ద 1616 చివరా 1617 మొదటా సైన్యాలు కలిసినవి. అక్కడి మైదానాల్లో పది లక్షల మంది చేరినారని బర్రాడాస్ వ్రాసినాడు. అది అతిశయోక్తి అయినా కావచ్చు. పదోవంతు చాలదా? లక్ష మంది సైనికులూ, వారి గుర్రాలూ, ఏనుగులూ, బండ్లూ నెలల తరబడి తిన్నది ఎవరి ధాన్యం? తాగింది ఎవరి చెరువు? జగ్గరాయడు చచ్చినాడు. రామదేవుడు కుంభకోణంలో పట్టాభిషిక్తుడైనాడు. ధర్మం జయించిందని వంశావళులు పాడినవి. ఆ తరువాత రెండు మూడు దశాబ్దాలు కూడా తిరగకముందే, 1639లో, దామెర్లవారి చేతిమీదుగా ఇంగ్లీషువారికి చెన్నపట్నం దక్కింది. ఒకరినొకరు చంపుకున్న సామంతులు తెల్లవానికి తలుపు తెరిచి పెట్టినారు. మన చారిత్రక నవలల్లో ఇది ఎప్పుడూ ఆఖరు ప్రకరణం కాదు. పట్టాభిషేకం దగ్గరనే పుస్తకం మూసివేస్తారు.

4

అంతఃపుర స్త్రీలంతా నోరులేనివారని నేను చెప్పడం లేదు. ఈ తోపూరు యుద్ధాన్ని కావ్యంగా వ్రాసినది ఒక స్త్రీయే. ఆమె రామభద్రాంబ, తంజావూరు రఘునాథనాయకుని ఆస్థాన కవయిత్రి. సంస్కృతంలో వ్రాసిన ఆమె రఘునాథాభ్యుదయం, ఆ కాలపు చరిత్రకు ఆధారంగా కృష్ణస్వామి అయ్యంగారు 1919లో వెలువరించిన విజయనగర చరిత్రాధారాల్లో చోటు చేసుకున్నది. ఆమెకు ముందు గంగాదేవి తన భర్త కంపరాయలు మధుర గెలిచిన కథ వ్రాసింది. తిరుమలాంబ అచ్యుతరాయల పెండ్లికథను చంపువుగా వ్రాసింది. తంజావూరు సభలో పలుభాషల్లో ఆశువుగా కవిత్వం చెప్పగల స్త్రీలుండేవారు.

ఇది మనం గర్వించదగిన సంగతి. ఐతే వారి విద్య ఎవరిని కీర్తించింది? రామభద్రాంబ చూపు రఘునాథుని ఏనుగు అంబారీ ఎత్తున వున్నది. ఆ ఎత్తు నుండి జగ్గరాయని సైన్యం పారిపోవడం కనబడుతుంది. చాకలి మూట కనబడదు. కాలిన ముగ్గురు రాణులు కనబడరు. స్త్రీ వ్రాసినంత మాత్రాన స్త్రీల చరిత్ర కాదు. వ్రాసే చేయి ఎవరి అన్నం తింటున్నదో చూడాలి. ఆమెను నిందించి ప్రయోజనం లేదు. ఆమెకు ఆ సభ తప్ప మరొక సభ లేదు. మనకు వున్నది. మనం వ్రాసే నవలకు కూడా అంబారీయే కావలెనా అన్నది మనం తేల్చుకోవలసిన విషయం.

మన నవలాకారులు ఏం చేసినారు? అడివి బాపిరాజు గోన గన్నారెడ్డిని తీసుకుందాం. కాకతి రుద్రమదేవి కాలపు కథ. గజదొంగ వేషంలో సామ్రాజ్యాన్ని కాపాడే యోధుడు, కత్తిపట్టిన అన్నాంబిక, పురుషవేషంలో రాజ్యమేలిన రుద్రమ. చారిత్రక నవలా శిల్పంలో ఇది అందమైన రచన. బాపిరాజు జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళినవాడు. ఆయన నవలల్లో స్త్రీ బొమ్మ కాదు. స్వారీ చేస్తుంది, యుద్ధం చేస్తుంది, సలహా చెబుతుంది. గడప దాటుతున్న ఆనాటి దేశసేవికల నీడ ఆ నాయికల మీద వున్నది. ఇంత వరకు ఆ నవల పురోగామి.

కాని ఆ రహస్యాలన్నీ, ఆ వేషాలన్నీ చివరకు సామ్రాజ్యం నిలపడానికే. సామంతులు తిరగబడితే దుర్మార్గులు, చక్రవర్తికి లోబడితే సత్పురుషులు. పన్ను కట్టేవాడు కథలో లేడు. నోరి నరసింహశాస్త్రి రుద్రమదేవిలో పాండిత్యం అధికం, ఆధారాల పట్ల శ్రద్ధ అధికం. అయినా అక్కడా ప్రభువర్గపు గుమ్మం దాటి కథ బయటకు రాదు. 2015లో వచ్చిన సినిమాలో ఆ గుమ్మానికి బంగారుపూత కూడా పూసినారు.

చరిత్రలో రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజు. ఆడది ఏలడం ఒప్పని సామంతుల నడుమ ఆమె మగపేరు ధరించి నిలిచింది. ఆమె మరణకాలం మనకు తెలిసినదెట్లా? నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనం వలన. 1289 నాటి ఆ శాసనాన్ని వేయించినది ఏ చక్రవర్తీ కాదు. రుద్రమకూ సేనాని మల్లికార్జున నాయకునికీ శివలోకప్రాప్తి కలగవలెనని పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు ఇచ్చిన భూదానపు శాసనమది. మహారాణి చావు వార్తను మనకు అందించినవాడు ఒక సేవకుడు. ఆ రాయి లేకుంటే మన పండితులు ఇప్పటికీ తేదీకొరకు వాదులాడుతూ వుండేవారు. నవలాకారునికి పువ్వుల ముమ్మడి కన్న గొప్ప పాత్ర దొరుకుతుందా? ఎవరూ అతణ్ణి పిలవలేదు.

5

బాపిరాజు 1944 నుండి 1947 వరకు హైదరాబాదులో మీజాన్ పత్రికకు సంపాదకుడు. ఆయన ఆ బల్ల ముందు కూర్చున్న రోజుల్లోనే, నూరు మైళ్ళ లోపున, ఏ చారిత్రక నవలా ఊహించని స్త్రీల రహస్య జీవితం మొదలవుతున్నది.

పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు తీసుకున్న పొలంలో పంట పండించింది. విసునూరు దేశ్‌ముఖు ఆ పొలం మీద కన్నువేసినాడు. పంట కోసుకుపొమ్మని మనుషులను పంపినాడు. సంఘం వాలంటీర్లు ఆమె పక్షాన నిలిచి, ధాన్యం ఆమె ఇంటికే చేర్చినారు. ఆమె ఇల్లు తగులబెట్టినారు. ఆమె పొలం వదలలేదు. ఐలమ్మ చాకలి స్త్రీ. 1614లో చాకలి భుజం మీద రాజుబిడ్డ దాటినాడు. మూడు శతాబ్దాల తరువాత చాకలి ఇంటి గాదెలోకి తాను పండించిన గింజ చేరింది. ఆ రెంటి నడుమ వున్న దూరమే మన ప్రజల చరిత్ర.

1946 నుండి 1951 వరకు సాగిన ఆ సాయుధపోరాటంలో స్త్రీలు ఉత్తరాలు మోసినారు, తుపాకులు దాచినారు, దళాలకు అన్నం చేరవేసినారు, దళాలు నడిపినారు. మల్లు స్వరాజ్యం భూస్వామి ఇంట పుట్టి, రాజక్క అనే మారుపేరుతో అడవుల్లో తిరిగింది. ఆమె తల మీద ప్రభుత్వం 10 వేల రూపాయల వెల కట్టింది. ఆరుట్ల కమలాదేవి దళంతో పనిచేసి, అజ్ఞాతవాసం చేసి, జైలుకు వెళ్ళి, 1952 నుండి ఆలేరు ప్రజల తరపున శాసనసభలో కూర్చున్నది. ఇక్కడ కూడా మారువేషాలున్నవి, సంకేతపదాలున్నవి, అర్ధరాత్రి ప్రయాణాలున్నవి. నవలలోని హంగులన్నీ వున్నవి. తేడా ఒక్కటే: గుట్టు దాచినది పల్లె మొత్తం. గొర్లకాపరి కుర్రవాడూ, గంపనెత్తుకున్న ముసలమ్మా ఆ సంఘానికి సభ్యులే.

ఇట్లా చెప్పి సంతృప్తిపడితే మనం కూడా ఒక అద్భుతకథ వ్రాసుకున్నట్లే. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ స్త్రీల చేతనే వారి కథలు చెప్పించింది. అది చదివిన వారికి నిద్రపట్టదు. అడవిలో బిడ్డలను కన్న తల్లులున్నారు. ఏడుపు వినబడితే దళమంతా పట్టుబడుతుందని, ఆ పసిబిడ్డలను పరాయి చేతుల్లో పెట్టి రావలసినవారున్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించిన తరువాత, తుపాకి పట్టిన ఆ చేతులను మళ్ళీ వంటింటికే పంపినారని అడిగినవారున్నారు. తమ సాహసాన్ని పొగిడినవారే తమ ఆలోచనను లెక్కచేయలేదని చెప్పినవారున్నారు.

నాకు ఇక్కడ చంద్రగిరి బిడ్డ జ్ఞాపకం వస్తున్నాడు. నగరి రహస్యానికి కేంద్రం ఒక బిడ్డ. అడవి రహస్యానికీ ఒక బిడ్డ. నగరి కొరకు ఒక తల్లి తన బిడ్డను ఇచ్చివేసింది. ఆమె పేరు ఎవరూ వ్రాయలేదు, ఆమె కన్నీరు ఎవరూ అడగలేదు. దళం కొరకు బిడ్డను విడిచిన తల్లి ముప్పైయేండ్లు ఎవరికీ చెప్పుకోక, అడిగినవారు దొరికినప్పుడు చెప్పింది. మొదటి త్యాగం గొబ్బూరివారి సింహాసనానికి. రెండవది దున్నేవాని భూమికి. ఈ రెండూ ఒకటి కావు, కానేరవు. కాని తల్లి పడిన బాధ వద్ద ఆగి చూడని చరిత్ర, అది ఏ జెండా కింద వ్రాసినా, సగం చరిత్రే. మన ఉద్యమం మన విమర్శకు అతీతం కాదు. అట్లా అనుకున్ననాడు మనమూ ఆస్థాన కవులమే.

6

హైదరాబాదు కోఠీలో పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనం వున్నది. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు కట్టించినాడు. అతనికీ ఖైరున్నీసా బేగానికీ జరిగిన ప్రేమకథను గురించి పుస్తకాలు వచ్చినవి, దేశదేశాల్లో చదివినారు. ఆ భవనం ఆడపిల్లల కళాశాల అయింది, తరువాత విశ్వవిద్యాలయం అయింది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టినారు. ప్రేమకథల మేడకు కౌలుదారు స్త్రీ పేరు. ఇది మంచి సంగతే. ఐతే పేరు పెట్టడం ఒక ఎత్తు, కథ చెప్పడం మరొక ఎత్తు. నాగలాపురానికీ పేరు పెట్టినారు. ఆ పేరుగలామె గురించి ఐదువందలేండ్లుగా మనకు తెలిసినదేమీ లేదు.

చారిత్రక నవల వద్దని నేననడం లేదు. దినుసు మన కాళ్ళ కిందనే వున్నది. సత్యవేడు నుండి ఒక రోజులో చంద్రగిరి చూచి రావచ్చు. రాజమహలు చూపిస్తారు, దాని పక్కనున్న కట్టడాన్ని రాణీమహలు అంటారు. చూచినవారు రాణుల కథలు ఊహించుకుంటూ తిరిగివస్తారు. ఈసారి పోయినవారు కోటలోని నీళ్ళ వద్ద కూడా కొంతసేపు నిలబడవలె. ఆ నీళ్ళలో బట్టలు ఉతికిన చేతులను తలచుకోవలె.

ఆ కథను చాకలి ఇంటి నుండి మొదలుపెట్టి వ్రాయండి. మూట కట్టినది ఎవరు, పిల్లవానికి ఊపిరాడేటట్లు బట్టలు పేర్చినది ఎవరు, ఆ రాత్రి ఇంట్లో మొగుడూ పెండ్లామూ ఏమి తగవులాడుకున్నారు, రాజు ఎవడైతే మనకేమని ఆమె అడిగినదా, అడిగితే అతడేమి చెప్పినాడు? నగరికి బిడ్డను పంపిన బ్రాహ్మణ స్త్రీ గుమ్మం నుండి ఇంకొక నవల వ్రాయండి. పద్నాలుగేండ్లు తన కొడుకు చంద్రగిరి గోడల లోపల పెరుగుతుంటే, గోడ బయట ఆమె ఎట్లా బతికింది? తోపూరు మైదానంలో ఎవరి జొన్నచేను తొక్కినారో ఆ ఇల్లాలి నోటి నుండి మూడవ నవల వ్రాయండి. అందులో సంకేతపదం, ముద్రటుంగరం లేకపోయినా పాఠకుడు పుస్తకం కింద పెట్టడు. గుర్రమెక్కే రాకుమారిలో పాఠకురాలు వెదుకుతున్నది తన విముక్తినే. ఆమెకు ఆ విముక్తి దారిని అసలు నడిచినవారిని చూపించడం మన రచయితలు ఇంకా తీర్చని బాకీ.